అత్తయ్య, ప్రెషర్ కుక్కర్, ఇల్ ద రే

మేముండేది ఇంగ్లండ్‌లో, రెడింగ్ దగ్గర. 2025 ఆగస్టు చివర్లో ఫ్రాన్స్ పడమటి తీరాన ఉన్న ఇల్ ద రే అనే దీవికి వెళ్లాం. నేను, మా ఆయన, పదేళ్ల పెద్దాడు, ఐదేళ్ల చిన్నది, చీరాల నుంచి మా దగ్గరికి వచ్చిన అత్తయ్య. బస డేరాలో. మనం మోసుకెళ్లి మేకులు కొట్టుకునే డేరా కాదు. క్యాంప్‌సైట్ వాళ్లే సీజనంతా వేసి ఉంచే పెద్ద కాన్వాస్ గుడారం. లోపల మంచాలు, ఫ్రిజ్, రెండు బర్నర్ల గ్యాస్ స్టవ్, గిన్నెలు, ముందు చెక్క వరండా ఉంటాయి. గ్లాంపింగ్ అంటున్నది దీన్నే. అత్తయ్యకి ఫొటోలు చూపించి రేటు చెబితే, "డబ్బులిచ్చి డేరాలో పడుకోవడమా!" అన్నారు. ఆ తర్వాత ఇంకేమీ అనకుండా ఏయే పొడులు కొట్టాలో ఆలోచించడం మొదలుపెట్టారు.

వెళ్లొచ్చాక ఇక్కడి మనవాళ్లు ఫోన్ చేసి అడిగేదంతా సామాన్ల గురించే. ఎన్ని జతల బట్టలు పెట్టారు, పెట్టెలెన్ని అని. నన్నడిగితే బట్టల గురించి పట్టించుకోవాల్సిందేం లేదు. వీసా, కరెంటు, వంట సామాను, ఈ మూడింటి సంగతి తేలిస్తే సగం పని అయిపోయినట్టే. అందుకే ఆ మూడింటి గురించే ఎక్కువ రాస్తున్నాను.

ముందు ఈ దీవే ఎందుకో చెప్పాలి. ఇల్ ద రే లా రొషెల్ ఊరికి ఎదురుగా అట్లాంటిక్‌లో ఉంటుంది. పొడవు 30 కిలోమీటర్లు, వెడల్పు బాగా ఉన్నచోట 5. 1988లో దాదాపు 3 కిలోమీటర్ల వంతెన కట్టారు కాబట్టి కారు నేరుగా దీవి మీదికే వెళ్తుంది. కార్సికా లాంటి దీవికైతే మరో ఓడెక్కాలి. నేలంతా చదును, సైకిల్ దారులు 100 కిలోమీటర్ల పైనే, పది ఊళ్లు, ఊరికీ ఊరికీ మధ్య ద్రాక్షతోటలో ఉప్పు మడులో. ఐదేళ్ల పిల్ల, మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ ఉన్న ఇంటికి ఇంతకంటే అనువైన చోటు నాకు దొరకలేదు. కొండలెక్కే పనిలేదు. ఎక్కాలంటే దీవి పడమటి కొసన 57 మీటర్ల లైట్‌హౌస్ ఉంది, 257 మెట్లు. ఎక్కే ఓపికున్నవాళ్లు ఎక్కుతారు, లేనివాళ్లు కింద కూర్చుని ఐస్‌క్రీం తింటారు.

తేదీల దగ్గర ఒక చిక్కుంది. జూలై, ఆగస్టుల్లో ఇలాంటి డేరాలు చాలావరకు శనివారం నుంచి శనివారానికే ఇస్తారు. అంటే ఫ్రాన్స్‌లో సగం జనం శనివారమే రోడ్డెక్కుతారు. అక్కడి ప్రభుత్వం రోడ్ల రద్దీని ఆకుపచ్చ, నారింజ, ఎరుపు, నలుపు అని రోజువారీ రంగులతో ముందే ప్రకటిస్తుంది. బిజోన్ ఫ్యూతే అంటారు దాన్ని. నలుపున్న శనివారం ఆ వంతెన వైపు వెళ్లకపోవడమే మంచిది. ఆగస్టు చివరికి వచ్చేసరికి ఫ్రెంచ్ కుటుంబాలు బడులు తెరుస్తారని ఇళ్లకి తిరుగుతాయి, డేరా రేట్లు కూడా దిగుతాయి. మన ఇంగ్లండ్ బడులు సెప్టెంబర్ మొదట్లో గానీ తెరవరు. మేం ఆ సందు చూసుకున్నాం. వంతెన టోల్ మాత్రం అప్పటికింకా ఎండాకాలం రేటే, కారుకి 16 యూరోలు. మిగతా ఏడాదంతా 8. వెళ్లేటప్పుడే కట్టాలి, వచ్చేటప్పుడు అడగరు.

ఇక వీసా. మా అందరివీ ఇండియన్ పాస్‌పోర్టులే. ఇంగ్లండ్ వీసా ఉంది కదా అని ఫ్రాన్స్ రానివ్వదు, యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే షెంగెన్ వీసా విడిగా తీసుకోవాలి. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి అప్లై చేసుకోవచ్చు. ఎంత ఆలస్యమైనా 15 రోజుల ముందు ఇచ్చేయాలి. 2024 జూన్ నుంచి ఫీజు పెద్దవాళ్లకి 90 యూరోలు, ఆరు నిండి పన్నెండు నిండని పిల్లలకి 45, ఆరేళ్ల లోపు వాళ్లకి ఫీజు లేదు. దానిమీద వీసా కాగితాలు తీసుకునే సెంటర్ వాళ్ల సర్వీస్ చార్జి. టెన్షన్ పెట్టేది ఫీజు కాదు, అపాయింట్‌మెంట్. ఎండాకాలం సెలవులు దగ్గరపడే కొద్దీ స్లాట్లు కనిపించవు. అందుకే జనవరిలోనే, క్యాన్సిల్ చేస్తే డబ్బు వెనక్కిచ్చే షరతు మీద డేరా బుక్ చేశాం. బుకింగ్ కాగితం మీద ఐదుగురి పేర్లూ పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయించాం. క్యాంప్‌సైట్ వాళ్లు మామూలుగా బుక్ చేసిన మనిషి పేరొక్కటే రాసి "ప్లస్ నలుగురు" అని వదిలేస్తారు. వీసాకి అది చాలదు. ఒక మెయిల్ పెడితే మార్చిచ్చారు. ట్రావెల్ ఇన్సూరెన్స్ వైద్యానికి కనీసం 30,000 యూరోలు కవర్ చేయాలి. ఆ అంకె సర్టిఫికెట్ మీద అచ్చయి ఉండాలి.

అత్తయ్య వీసా సంగతి వేరు. షెంగెన్ వీసాకి ఎవరు ఎక్కడ నివాసముంటే అక్కడే అప్లై చేయాలనేది నియమం. ఆవిడ ఇంగ్లండ్‌కి చుట్టపుచూపుగా వస్తున్నారు కాబట్టి ఇక్కడికొచ్చాక చేద్దామంటే కుదరదు. అందుకని బయలుదేరకముందే హైదరాబాద్‌లో చేయించాం. ఇంగ్లండ్ విజిటర్ వీసా మీద ఎన్నిసార్లైనా వచ్చి పోవచ్చు, ఫ్రాన్స్ వెళ్లి తిరిగి రావడానికి అడ్డు లేదు. అమ్మానాన్నల్నో అత్తమామల్నో పిలిపించుకుని యూరప్ తిప్పుదామనుకునేవాళ్లు ఈ వరస మర్చిపోకండి. మా విషయానికొస్తే, ఇంగ్లండ్‌లో ఉండే హక్కు చూపించే ప్లాస్టిక్ కార్డులు 2024 చివరితో పోయాయి, ఇప్పుడంతా ఆన్‌లైన్. మన ఖాతాలో ఉన్న పాస్‌పోర్టు నంబరూ చేతిలో ఉన్న పాస్‌పోర్టూ ఒకటేనా అని బయలుదేరేముందు చూసుకోవాలి. మేం వెళ్లినప్పుడు సరిహద్దులో పాస్‌పోర్టు మీద ముద్ర కొట్టారు. 2025 అక్టోబర్ నుంచి ముద్రల బదులు వేలిముద్రలు, ఫొటో తీసుకునే కొత్త పద్ధతి మొదలైంది. ఇప్పుడు వెళ్లేవాళ్లు క్యూలో ఇంకాస్త టైం పెట్టుకోవాలి.

దారి తేల్చడానికి మా ఆయనకీ నాకూ పెద్ద చర్చే జరిగింది. ఇంగ్లండ్‌లోని డోవర్ నుంచి ఫ్రాన్స్‌లోని కలేకి ఓడలో దాటడం గంటన్నర పని, చవక. కానీ కలే నుంచి లా రొషెల్ దాదాపు 700 కిలోమీటర్లు. పోర్ట్స్‌మత్‌లో రాత్రి ఓడెక్కితే పొద్దున్నే ఫ్రాన్స్ రేవు సెయింట్ మాలోలో దిగుతాం. అక్కడి నుంచి రెన్, నాంత్ మీదుగా 300 పైచిలుకు కిలోమీటర్లు. నాంత్ దాకా టోల్ కూడా లేదు. ఓడ టికెట్, క్యాబిన్ కలిపితే ఖరీదే. అయినా పడుకుని నిద్రపోతూ సముద్రం దాటడం పిల్లలకి పండగ, అత్తయ్య నడుముకి సుఖం. నా మాటే నెగ్గింది.

రాత్రి ఓడ సామాను సర్దే పద్ధతిని మార్చేస్తుంది. ఓడ కదిలాక కారు దగ్గరికి మళ్లీ వెళ్లనివ్వరు. కాబట్టి రాత్రికి కావలసినవన్నీ ఒక చిన్న బ్యాగులో విడిగా ఉండాలి. రాత్రి బట్టలు, బ్రష్షులు, చిన్నదాని బొమ్మ, అత్తయ్య బీపీ మాత్రలు, పాస్‌పోర్టులు. మాత్రలు అన్ని రోజులకి సరిపడా డాక్టరు చీటీతో సహా ఆ బ్యాగులోనే ఉంచాం. కారు మీద పెట్టె కట్టించుకునేవాళ్లు దాని ఎత్తు టికెట్ కొనేటప్పుడే చెప్పాలి, లేకపోతే రేవులో పేచీ. మేం పైన పెట్టె పెట్టలేదు, సైకిళ్లూ తీసుకెళ్లలేదు. దీవిలో ప్రతి ఊళ్లో సైకిళ్లు అద్దెకిస్తారు, పిల్లల్ని కూర్చోబెట్టి లాక్కెళ్లే బండ్లతో సహా. హెల్మెట్లు మాత్రం మావే పట్టుకెళ్లాం. ఫ్రాన్స్‌లో 2017 నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకి హెల్మెట్ తప్పనిసరి. అద్దె హెల్మెట్ తల మీద అటూ ఇటూ తిరుగుతుంటే చిన్నది క్షణం ఉంచుకోదు.

డేరాలో ఏముంటుందో క్యాంప్‌సైట్ వాళ్లు వస్తువుల పట్టీ పంపిస్తారు. దాన్ని వంటింట్లో ఫ్రిజ్ తలుపుకి అంటించి రోజూ చూశాను. కంచాలు, గ్లాసులు, చాకులు ఐదుగురికీ ఉన్నాయి. దుప్పట్లు, తువ్వాళ్లు లేవు. అద్దెకి ఇస్తారట, కానీ ఐదుగురికీ ఆ అద్దె లెక్కేస్తే కొత్తవే కొనుక్కోవచ్చు. మంచాల కొలతలు అడిగితే పెద్దది 140 బై 190, చిన్నవి 80 బై 190 సెంటీమీటర్లు అన్నారు. మన ఇంగ్లండ్ డబుల్ బెడ్ 135 వెడల్పు, కాబట్టి ఎలాస్టిక్ దుప్పటి కాస్త లాగితే పడుతుంది. బొంతల్లా మందంగా ఉండే డ్యూవేలు పెడితే కారులో సగం వాటికే పోతుంది. అవి వద్దనుకుని అత్తయ్య తెచ్చిన నేత దుప్పట్లు, ఒక్కొక్కరికి ఒక ఫ్లీస్ దుప్పటి పెట్టాం. అట్లాంటిక్ ఒడ్డున పగలు ఎండ కాసినా తెల్లవారుజామున చలేస్తుంది, కాన్వాస్ గోడ చలిని ఆపదు. అత్తయ్య స్వెట్టర్, మంకీ క్యాప్ రెండూ వాడారు.

కరెంటు దగ్గరే ఎక్కువమంది చిక్కుకుంటారు. నేను మెయిల్లో ఒక్కటే ప్రశ్న అడిగాను, "డేరాకి ఎన్ని ఆంప్స్?" అని. ఆరు అని జవాబొచ్చింది. 230 వోల్టుల మీద 6 ఆంప్స్ అంటే 1,380 వాట్లు. మన ఇంట్లో కెటిల్ ఒక్కటే 3,000 వాట్లు లాగుతుంది. ఫ్రిజ్ ఎలాగూ నడుస్తూనే ఉంటుంది. అందులో కెటిల్ పెట్టామంటే టపీమని మెయిన్ పడిపోతుంది, అర్ధరాత్రైతే దాన్ని పైకెత్తడానికి మనిషి కూడా దొరకడు. కెటిల్, హెయిర్ డ్రయర్, మిక్సీ అన్నీ ఇంట్లోనే వదిలేశాం. రైస్ కుక్కర్ మీద మా ఆయనకి ఆశ చావలేదు. అది 500 వాట్లే, పనిచేస్తుంది, ఒప్పుకుంటాను. కానీ గ్యాస్ మీద ప్రెషర్ కుక్కర్ పెడితే అన్నం, పప్పు రెండూ అందులోనే అయిపోతాయి కదా. మూడు లీటర్ల కుక్కర్ వెళ్లింది, రైస్ కుక్కర్ ఆగిపోయింది. ప్లగ్గుల కోసం ఐదారు అడాప్టర్లు కొనక్కర్లేదు. ఒక్క ఫ్రెంచ్ అడాప్టర్, దానికి మన నాలుగు సాకెట్ల ఎక్స్‌టెన్షన్ బోర్డు. ఫోన్లన్నీ అక్కడే చార్జ్ అయ్యాయి.

వంట డబ్బా సర్దే ముందు తెలుసుకోవాల్సింది సరిహద్దు నియమం. బ్రెగ్జిట్ (బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి రావడం) తర్వాత ఇంగ్లండ్ నుంచి యూరప్‌లోకి మాంసం, పాల పదార్థాలు ఏవీ తీసుకెళ్లకూడదు. అంటే నెయ్యి వెళ్లదు, పెరుగు వెళ్లదు, పనీర్ వెళ్లదు. కోడి పచ్చడి వెళ్లదు. రొయ్యల పచ్చడికి మాత్రం అడ్డు లేదు, చేపల సరుకుకి నియమం వేరు. పచ్చి కూరగాయలకి, ఆకులకి సర్టిఫికెట్ కావాలి, కాబట్టి కరివేపాకు రెమ్మలు కూడా మానుకోవాల్సిందే. సర్టిఫికెట్ లేకుండా రానిచ్చే పళ్లు ఐదే: అరటి, కొబ్బరి, పైనాపిల్, ఖర్జూరం, దురియన్. ఈ పట్టీ చదివి వినిపిస్తే అత్తయ్య, "కొబ్బరికాయ రానిస్తున్నారుగా, కారు ముందు ఒకటి కొడదాం" అన్నారు. కొట్టారు కూడా, ఇంటి ముందు, బయలుదేరేటప్పుడు. ఆ చిప్పలు మాతోనే ఫ్రాన్స్ వచ్చాయి.

మిక్సీ లేదు, కరివేపాకు లేదు, నెయ్యి లేదు. కాబట్టి రుబ్బాల్సినవన్నీ ముందే పొడులుగా మారాయి. కంది పొడి, కరివేపాకు పొడి, కొబ్బరి కారం, సాంబారు పొడి. పోపుల డబ్బా మూత ఊడకుండా చుట్టూ రబ్బరు బ్యాండు వేశాం. చింతపండు రసం తీసి ఉడికించి గుజ్జుగా సీసాలో పెట్టాం. ఆవకాయ సీసాకి ప్లాస్టిక్ కవరు, దానిపైన మరో కవరు, ఆపైన టేపు. అలా కాకపోతే కారు అమ్మే రోజు దాకా ఆవకాయ వాసనే. సోనా మసూరి బియ్యం, కందిపప్పు, ఉప్మా రవ్వ, అటుకులు. నూనె, ఉల్లిపాయలు, టమాటాలు అక్కడ ఏ సూపర్ మార్కెట్లోనైనా దొరుకుతాయి, మోయక్కర్లేదు. పచ్చిమిర్చి అనుమానమే కాబట్టి ఎండుమిర్చి ఎక్కువ పెట్టాం. చాయ్ పొడి సరే. దారికి పులిహోర కలిపాం, అది నిక్షేపంగా సరిహద్దు దాటుతుంది. చిన్నదానికి పెరుగన్నం లేకుండా పూట గడవదు కాబట్టి ఒక చిన్న డబ్బా కలిపి తెచ్చాం, ఓడలోనే రాత్రికి ఖాళీ చేసేశాం.

మందుల్లో ఒక్కటి చెప్పాలి. ఫ్రాన్స్‌లో పారాసెటమాల్ లాంటి మామూలు మాత్రలు కూడా ఫార్మసీలోనే అమ్ముతారు. ఇంగ్లండ్‌లోలాగా సూపర్ మార్కెట్లో బిస్కెట్ల పక్కన దొరకవు. ఆదివారం పిల్లకి జ్వరమొస్తే ఫార్మసీ వెతుక్కోవడం ఎవరివల్లా కాదు. పిల్లల సిరప్పు, థర్మామీటరు ఇంటి నుంచే పెట్టాం. దోమలకి అత్తయ్య ఇండియా నుంచి తెచ్చిన ఓడోమాస్ ట్యూబులు. ఉప్పు మడులు, బురద నేలలు ఉన్న దీవి, సాయంత్రమైతే అవి బాగానే పనికొచ్చాయి.

బట్టల గురించి నేను చెప్పేది స్విమ్మింగ్ పూల్ ముచ్చటే. ఫ్రాన్స్ క్యాంప్‌సైట్ పూల్స్‌లో చాలాచోట్ల మగవాళ్లు వదులు నిక్కర్లతో నీళ్లలోకి దిగకూడదు. ఒంటికి అంటుకుని ఉండే చిన్న చడ్డీనే వేసుకోవాలి. బయట తిరిగిన నిక్కరుతోనే నీళ్లలోకి దిగితే నీళ్లు మురికవుతాయని వాళ్ల వాదన. మా ఆయన నమ్మలేదు. క్యాంప్‌సైట్ రూల్స్‌లో నిక్కరు బొమ్మ మీద ఎర్ర గీత కొట్టి ఉంటే చూపించాను. కొన్నారు, వేసుకున్నారు, వరండా నుంచి పూల్ దాకా తువ్వాలు చుట్టుకునే నడిచారు. లెగ్గింగులు, పొడుగు చేతుల బట్టలు వేసుకుని దిగేవాళ్లు కూడా ఈ రూల్స్ ముందే చదువుకోవాలి. సముద్రంలో అలాంటి ఆంక్షలేం లేవు. అత్తయ్య చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని మోకాళ్ల లోతు దాకా హాయిగా నిలబడ్డారు.

కారుకి కూడా కొన్ని కావాలి. వెనక యూకే అనే స్టిక్కర్ (పాత జీబీ స్టిక్కర్ 2021 సెప్టెంబర్ నుంచి చెల్లదు), త్రికోణం బోర్డు, మెరిసే జాకెట్లు. జాకెట్లు డిక్కీ అడుగున పెట్టకూడదు, కూర్చున్న చోట చేతికందాలి. హెడ్‌లైట్లు ఎదుటివాళ్ల కళ్లలో కొట్టకుండా స్టిక్కర్లు. సర్దేటప్పుడు డిక్కీ అడుగున దుప్పట్లు, బట్టలు, వాటిమీద వంట డబ్బా, అన్నిటికంటే పైన వరండా ఊడ్చే చీపురు, టార్చిలైట్లు, ప్లాస్టిక్ మగ్గు. డేరా చేరగానే కావాల్సినవి ముందు చేతికి రావాలి కదా.

ఆ మగ్గు గురించి సిగ్గుపడకుండా రాస్తాను. మేం తీసుకున్న డేరాలో బాత్రూం లేదు. ఉన్నవీ దొరుకుతాయి, రేటు బాగా ఎక్కువ. అందరికీ కలిపి ఉన్న బాత్రూంల దగ్గరికి పైన్ చెట్ల కింద ఇసక దారిలో రెండు నిమిషాలు నడవాలి. పగలు ఫర్వాలేదు. రాత్రి నుదుటికి కట్టుకునే టార్చి ఉంటే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి, ఒక చేత పిల్ల, ఒక చేత మగ్గు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని తీసుకెళ్తుంటే మాత్రం డబ్బు చూసుకోకుండా బాత్రూం ఉన్న డేరానే తీసుకోండి. అత్తయ్య ఫిర్యాదు చేయలేదు, కానీ సాయంత్రం ఆరు దాటాక చాయ్ వద్దనేవారు. కారణం నాకు తెలుసు.

ప్రయాణం బాగానే సాగింది. మన కారులో స్టీరింగ్ కుడివైపు, టోల్ కిటికీలు ఎడమవైపు. కాళ్లు చాపుకోడానికి వీలుగా ఉంటుందని అత్తయ్యని ముందు సీట్లో కూర్చోబెట్టాం కాబట్టి దారిలో టోల్ దగ్గర బ్యాంకు కార్డు తాకించే ఉద్యోగం ఆవిడకి పడింది. నాంత్ దాటాక ఒకచోట, వంతెన దగ్గర ఇంకోచోట చెయ్యి చాచి తాకించి, గేటు లేవగానే నా వైపు తిరిగి నవ్వారు. వంతెన మీద అటూ ఇటూ నీళ్లు, ఎదురుగా చదునైన దీవి. డేరా సాయంత్రం నాలుగింటికి గానీ ఇవ్వరు కాబట్టి పులిహోర దారిలో రెస్ట్ ఏరియాలోనే తిన్నాం. చేరగానే పట్టీ ప్రకారం స్పూన్లతో సహా లెక్క చూసుకోవాలి. తగ్గితే ఆ రోజే చెప్పాలి, వెళ్లేరోజు డిపాజిట్‌లో కోస్తారు. పెద్దవాళ్లకి రాత్రికింత అని టూరిస్ట్ పన్ను విడిగా కట్టించుకున్నారు, పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లకి లేదు.

మొదటి రాత్రి కుక్కర్ మొదటి విజిల్‌కి పక్క డేరా వాళ్ల కుక్క లేచి నిలబడింది. రెండో విజిల్‌కి వాళ్ల పిల్లలు వచ్చి చూశారు. వాళ్లు డచ్ వాళ్లు. మర్నాటి నుంచి మా పెద్దాడికి ఆటకి జత కుదిరింది. భాష రాకపోయినా బంతి సరిపోయింది.

నెయ్యి సంగతి అత్తయ్య చూసుకున్నారు. ఆ ప్రాంతం వెన్నకి పేరుమోసింది. షరాంత్-పువాతూ వెన్న అని ప్రాంతం పేరుతో చట్టబద్ధమైన గుర్తింపే ఉంది. సూపర్ మార్కెట్లో అరలకి అరలు వెన్నే. జాగ్రత్త పడాల్సింది ఒక్కటే, ఫ్రాన్స్ పడమటి వైపు ఉప్పు కలిపిన వెన్న ఎక్కువ వాడతారు. పాకెట్ మీద దెమి-సెల్ అని ఉంటే అది ఉప్పుది. దూ అని ఉన్నది తీసుకోవాలి. రెండు పాకెట్లు తెచ్చాం. వరండాలో గాలికి మంట నిలవడం లేదని స్టవ్వు లోపలికి జరిపి, డేరా కిటికీ జిప్పులు తీసి, సన్న సెగ మీద పెట్టారు. నురుగు పైకొచ్చింది, చిటపటలాడింది, కాసేపటికి ఆ చప్పుడు సన్నబడింది. కరివేపాకు లేదు కాబట్టి నాలుగు మెంతులు వేశారు. అడుగున గసి గోధుమరంగుకి తిరగ్గానే దించేసి, ఖాళీ జాం సీసాలోకి వంచారు. మిగిలిన గసిలో పంచదార కలిపి, బాగెట్ (పొడవాటి ఫ్రెంచ్ బ్రెడ్) ముక్కకి రాసి పిల్లలకి పెట్టారు. నా వంతు అడిగేలోపే అయిపోయింది. పెరుగుకి ఇబ్బంది లేదు, ఫ్రాన్స్‌లో ఏ కొట్టుకెళ్లినా తెల్ల పెరుగు కప్పులు దొరుకుతాయి. ఫ్రొమాజ్ బ్లాన్ అని ఉండేది మాత్రం పెరుగులా కనిపించినా పెరుగు కాదు, అన్నంలో అతకదు.

ఆ దీవి బంగాళాదుంపలకి కూడా పేరుంది. వాటికీ ప్రాంతపు గుర్తింపు ఉంది, కానీ ఆ పేరుతో అమ్మేది జూలై నెలాఖరు వరకే. తినాలనుంటే జూన్‌లో వెళ్లాలి.

రోజులు ఎలా గడపాలో ఇంట్లో కూర్చుని గంటగంటకీ ప్లాన్ రాసిన మా ఆయన కాగితం అక్కడ పనికిరాలేదు, సముద్రమే నిర్ణయించింది. ఆటుపోట్ల తేడా చాలా ఎక్కువ. పొద్దున కెరటాలు కొట్టిన చోట మధ్యాహ్నానికి రాళ్లు, బురద, పీతల గుంటలు తేలతాయి. క్యాంప్‌సైట్ గుమ్మం దగ్గర పోటు వేళలు రాసి పెడతారు, ఆ పట్టీని రోజూ ఫోన్లో ఫొటో తీసుకుంటే చాలు. పోటున్నప్పుడు స్నానాలు, ఆటున్నప్పుడు సైకిళ్లు. రాళ్ల మీద నడవడానికి ప్లాస్టిక్ చెప్పులు ఉండాలి. సెయింట్ మార్టిన్ ఊళ్లో ఫ్రెంచ్ సైన్యపు ఇంజనీరు వోబాన్ కట్టించిన కోటగోడలు 2008 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ పట్టీలో ఉన్నాయి. చిన్నదానికి కోట అక్కర్లేదు, పక్కనే గీతల పైజామాలు తొడిగిన గాడిదలు కావాలి. పూర్వం ఉప్పు మడుల్లో పనిచేసే గాడిదలకి దోమలు కుట్టకుండా అలా తొడిగేవారట. ఇప్పుడవి పిల్లల్ని మోస్తున్నాయి.

అత్తయ్యకి నచ్చింది లువా ఊరి ఉప్పు మడులు. చీరాల పక్కనే చినగంజాం. ఉప్పు పని ఆవిడ చిన్నప్పటి నుంచి చూసిందే. బంకమట్టి మడి, సముద్రపు నీళ్లు ఒక మడి నుంచి ఇంకో మడిలోకి చిక్కబడుతూ రావడం, చివర పొడవాటి కర్రకి అడ్డ పలక బిగించి లాగడం. తెల్లగా మెరిసే ఉప్పు పువ్వు మాత్రం ఆవిడకి కొత్త. నీటి మీద తెట్టులా కట్టినప్పుడే పైపైన తీసేస్తారు, అడుగున పడిన బూడిదరంగు రాళ్లుప్పు కంటే దాని ధర ఎన్నో రెట్లు. మధ్యలో వాన పడితే ఏం చేస్తారని మా ఆయన చేత అడిగించారు. వాన నీళ్లు కలిసి ఉప్పునీరు పలచబడుతుంది, మళ్లీ ఎండలు కాసేదాకా ఆగాల్సిందేనని ఆ పనాయన చెప్పాడు. "అక్కడా అంతే" అని తలూపారు అత్తయ్య. రాళ్లుప్పు కిలో కొన్నారు. ఉప్పు పువ్వు ధర చూసి అక్కడే పెట్టేశారు.

తిరుగు సామాను సులువే, వంట డబ్బా సగం ఖాళీ. వెళ్లేరోజు పొద్దున పదింటిలోపు డేరా ఖాళీ చేయాలి, స్టవ్ తుడిచి, ఫ్రిజ్ కడిగి, ఇసక ఊడ్చి అప్పగించాలి. ముందురోజు సాయంత్రమే సగం సర్దేస్తే పొద్దున్నే అరుపులు ఉండవు. ఇంకో సంగతి, 2025 ఏప్రిల్ నుంచి ఇంగ్లండ్ కూడా యూరప్ నుంచి పాల పదార్థాలు, మాంసం తేకూడదని నిషేధం పెట్టింది. చీజ్ కొనుక్కుని వద్దామనుకునేవాళ్లకి నిరాశే. మా జాం సీసాలో సగం నెయ్యి మిగిలింది. పారబోయడం అత్తయ్య వల్ల కాదు. డచ్ వాళ్ల డేరాకి పట్టుకెళ్లి, బాగెట్ ముక్క మీద రాసి చూపించి, సీసా వాళ్ల చేతిలో పెట్టి వచ్చారు. ఆవిడ తిరిగొచ్చేలోపు కిలో ఉప్పు పాకెట్‌ని నేను కందిపప్పు ఖాళీ చేసిన చోట సర్దేశాను.